20 లక్షల తెలుగు పదాలు, 240 ఎంబీ మెమరీ: ఎక్కడ పోతోంది, ఎలా తగ్గించాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. తెలుగు స్పెల్ చెకర్ రాస్తున్నారు. విభక్తులు, బహువచనాలు అన్నీ కలిపి 20 లక్షల పదరూపాల జాబితా ఉంది. పక్కన ఒక్కో పదం ఎన్నిసార్లు వాడుకలో కనిపించిందో ఒక అంకె ఉంది. జావా హ్యాష్‌మ్యాప్‌లో (పదం ఇస్తే దాని అంకెను నేరుగా తీసిచ్చే పట్టిక) పెడితే 240 ఎంబీ తింటోంది, సర్వర్‌లో ఉన్నదే 512 ఎంబీ. ఎవరో ట్రై (ఒక్కో అక్షరానికి ఒక్కో మెట్టు దిగే చెట్టు, దాని మెట్లే నోడ్లు) వాడమంటే వాడారు, అది అసలు మెమరీలోకి ఎక్కనే లేదు. పదం ఉందో లేదో వెంటనే తెలియాలి, తప్పు పదానికి సూచనలివ్వాలి, రేపు ఇదంతా ఫోన్‌లోకి కూడా వెళ్ళాలి. దీంతోపాటు మినిమల్ పర్ఫెక్ట్ హ్యాష్ పనికొస్తుందా అనీ, ఫోన్ నంబర్ల జాబితాను ఎలా దాచాలనీ, వాడేవాళ్ళు సొంత పదాలు చేర్చుకుంటే ఏం చేయాలనీ అడిగారు.

ముందు ఆ 240 ఎక్కడికి పోతోందో లెక్క తేలుద్దాం. 'పుస్తకాలలో' అన్న పదం తీసుకోండి. యూనికోడ్ లెక్కలో ఇది ప, ఉత్వం, స, పొల్లు, త, క, దీర్ఘం, ల, ల, ఓత్వం. మొత్తం పది సంకేతాలు. జావా 9 వచ్చాక ఇంగ్లీష్ స్ట్రింగ్‌లను అక్షరానికి ఒక్క బైట్‌లో సర్దుతున్నారు గానీ ఆ భాగ్యం మనకు లేదు. ఒక్క తెలుగు అక్షరం ఉన్నా స్ట్రింగ్ మొత్తం రెండేసి బైట్లే. అంటే అక్షరాలకు 20 బైట్లు. వాటిని మోసే అర్రే హెడర్ 16, ఎనిమిది గుణిజానికి సర్దితే మొత్తం 40. దాని మీద స్ట్రింగ్ ఆబ్జెక్ట్ 24. హ్యాష్‌మ్యాప్ నోడ్ 32. అంకెను దాచే ఇంటీజర్ ఆబ్జెక్ట్ 16. బకెట్ల టేబుల్‌లో ఈ పదం వాటా సుమారు 8. కూడితే 120 బైట్లు. 20 లక్షలతో గుణిస్తే మీ 240 ఎంబీ వచ్చేసింది. లీకేజీ ఏమీ లేదు, టెన్షన్ పడకండి.

ఇందులో అసలు సరుకు ఎంత? పది సంకేతాలు, ఒక అంకె, అంతే. మిగతాదంతా మూటలూ ముళ్ళూ. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. పైగా పదానికి నాలుగు ఆబ్జెక్టుల చొప్పున 80 లక్షల ఆబ్జెక్టులు. గార్బేజ్ కలెక్టర్ (జావాలో వాడని ఆబ్జెక్టులను ఏరేసేది) మెమరీ అంతా తిరిగినప్పుడల్లా వాటన్నిటినీ పలకరించి రావాలి.

ట్రై ఎందుకు పేలిందో మీరు పెట్టిన కోడ్ చూస్తే తెలుస్తోంది. ఒక్కో నోడ్‌లో పిల్లల కోసం ఒక హ్యాష్‌మ్యాప్ పెట్టారు. ఒక్కరే పిల్ల ఉన్నా దానికి 16 గళ్ళ టేబుల్ వస్తుంది. అక్షరాన్ని కీగా (దేనితో వెతుకుతామో అది కీ) పెడితే జావా దాన్ని క్యారెక్టర్ ఆబ్జెక్ట్‌గా మారుస్తుంది. 127 లోపు విలువలకైతే ఆ ఆబ్జెక్టులు ముందే చేసిపెట్టి ఉంటాయి. మన 'అ' విలువ 3077, కాబట్టి ప్రతిసారీ కొత్తది. అన్నీ కలిపితే నోడ్‌కు దాదాపు 200 బైట్లు. 50 లక్షల నోడ్లు అనుకుంటే అదే ఒక జీబీ. తప్పు ట్రైది కాదు, దాన్ని కట్టిన తీరుది.

ఇప్పుడు అసలు సంగతి. కీలను చిన్న చోట ఇమిడ్చే పద్ధతులు డజన్ల కొద్దీ ఉన్నాయి, పేర్లు వింటే తల తిరుగుతుంది. నేను మాత్రం ఎవరొచ్చి అడిగినా ఒకటే ప్రశ్న వేస్తాను: మీరు ఏం వదులుకోగలరు? హ్యాష్‌మ్యాప్ మీకు మూడు ఇస్తోంది. ఎప్పుడంటే అప్పుడు కొత్త కీ చేర్చవచ్చు. కీ యథాతథంగా దాచి ఉంటుంది. జవాబు నూటికి నూరు పాళ్ళూ నిజం. ఈ మూడిట్లో మీకు అక్కర్లేని దానికి కూడా మీరు అద్దె కడుతున్నారు. మీ పదాల జాబితా నెలకోసారి కూడా మారదు. కాబట్టి మొదటిది ఇవాళే వదిలేయవచ్చు. మిగతా రెండిటి సంగతి తర్వాత చూద్దాం.

ఏ నిర్మాణం ఎంచుకున్నా దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, మన భాషకు ఇందులో పెద్ద లాభం ఉంది. యూనికోడ్‌లో తెలుగు బ్లాక్ 3072 నుంచి 3199 వరకు, సరిగ్గా 128 గళ్ళు. ఏడు బిట్లు చాలు. యూటీఎఫ్-8లో రాస్తే మాత్రం ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. అంటే 24 బిట్లు ఖర్చుపెట్టి ఏడు బిట్ల సంగతి చెబుతున్నాం. ఫైల్ సైజు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. బైట్ల మీద నడిచే ట్రైలో ఇది ఇంకా ఘోరం. ప్రతి అక్షరానికీ మూడు మెట్లు, అందులో మొదటి మెట్టు ఎందుకూ కొరగాదు, రెండోది ఒక్క బిట్ చెబుతుంది. కాబట్టి సంకేతం నుంచి 3072 తీసేయండి, ఒక్కో సంకేతం ఒక్క బైట్ అయిపోతుంది. 'పుస్తకాలలో' 30 బైట్ల నుంచి 10కి దిగుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట, వ ఒత్తుగా కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది, దాని విలువ 8204. అది తెలుగు బ్లాక్ బయటిది. బ్లాక్‌లో వాడని గళ్ళు ఉన్నాయి కాబట్టి అందులో ఒకటి దీనికి కేటాయించుకోండి, ఆ పట్టికను ఫైల్‌తో పాటే దాచండి. రెండు, ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం పక్కన దాని కింది గుర్తు విడిగా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లలో వేరు. జాబితా తయారు చేసేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండు చోట్లా ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఇలాంటి రెండు రాతలనూ ఒకే రాతకు తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేయండి. ఇది మరిచిపోతే 'కైలాసం' జాబితాలో ఉండి కూడా దొరకదు, మీరు హ్యాష్ ఫంక్షన్‌ను అనుమానిస్తూ రెండు రోజులు కూర్చుంటారు.

ఇక అన్నిటికంటే తేలికైన నిర్మాణం. పదాలను వరసలో పెట్టండి. పక్కపక్క పదాలకు ముందు భాగం ఎలాగూ కలుస్తుంది: పుస్తకాలకు, పుస్తకాలతో, పుస్తకాలలో. ముందు పదంతో ఎన్ని సంకేతాలు కలిశాయి, కొత్తగా ఎన్ని వచ్చాయి అన్న రెండు అంకెలను ఒకే బైట్‌లో నాలుగేసి బిట్లలో (15 దాటితే అదనపు బైట్‌తో) రాసి, ఆ తర్వాత కొత్త సంకేతాలు మాత్రం రాయండి. దీన్ని ఫ్రంట్ కోడింగ్ అంటారు. ప్రతి 16 పదాలకు ఒకసారి పూర్తి పదం రాయాలి, లేకపోతే మధ్యలో నుంచి చదవలేం. వెతికేటప్పుడు ఆ పూర్తి పదాల మీద బైనరీ సెర్చ్, అంటే ప్రతి పోలికకూ సగం జాబితా వదిలేస్తూ పోవడం. 1,25,000 బ్లాకులు, 17 పోలికలు. తర్వాత బ్లాక్‌లోని 16 పదాలు వరసగా చదవడం.

పదికి సగటున ఆరేడు సంకేతాలు ముందు పదంతో కలుస్తాయనుకుంటే ఒక్కో పదానికి ఐదు బైట్లు, మొత్తం 10 ఎంబీ. బ్లాకుల చిరునామాలకు ఇంకో అర ఎంబీ. పదాల అంకెలకు పదానికో బైట్ చాలు. సూచనలను వరసలో పెట్టడానికి ఒక పదం 18,412 సార్లు వచ్చిందా 18,500 సార్లు వచ్చిందా అన్నది ఎవరికీ పట్టదు. లాగరిథం తీసి 0 నుంచి 255 లోకి దించేయండి. 2 ఎంబీ. 240 కాస్తా 12.5 అయింది, మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని. కోడ్ వంద, నూట యాభై లైన్లు. మీకు కావలసింది 'ఉందా లేదా' ఒక్కటే అయితే ఇక్కడే ఆగిపొమ్మనేవాణ్ణి.

నిజానికి సెకనుకు కొన్ని వందల ప్రశ్నలు మాత్రమే వచ్చే చోట ఇది కూడా అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక టేబుల్, దానికో ఇండెక్స్ పెట్టి హాయిగా నిద్రపోవచ్చు. మెమరీ కావలసినంతే వాడుతుంది, ఫోన్‌లోనూ ముందే ఉంటుంది. చాలామంది ఈ దశలోనే ఆగాల్సింది, సరదా కోసం ముందుకు పోతారు. నేనూ అంతే.

ఇప్పుడు మూడో వస్తువును, అంటే నూటికి నూరు పాళ్ళ నిజాన్ని వదులుకుంటే ఏమొస్తుందో చూద్దాం. స్పెల్ చెకర్ చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ యూనిక్స్ స్పెల్ ప్రోగ్రామ్‌ను తీర్చిదిద్దిన రోజుల్లో పీడీపీ-11 అనే అప్పటి కంప్యూటర్ మీద ప్రోగ్రామ్‌కు అందే మెమరీ 64 కేబీ. జాబితాలో 30 వేల పదాలు. ఆయన పదాలను దాచడమే మానేశారు. ఒక్కో పదాన్ని 27 బిట్ల హ్యాష్‌గా (పదం నుంచి లెక్కగట్టిన అంకెగా) మార్చి, ఆ హ్యాష్‌లను వరసలో పెట్టి, ఒకదానికీ మరొకదానికీ ఉన్న తేడాను మాత్రం గొలాంబ్ కోడ్‌లో (చిన్న అంకెలకు తక్కువ బిట్లు పట్టే రాత) రాశారు. పదానికి సగటున 14 బిట్ల లోపే పట్టింది. మొత్తం సుమారు 51 వేల బైట్లు. పొరపాటున ఒక తప్పు పదం ఒప్పుగా దాటిపోయే అవకాశం నాలుగు వేలలో ఒకటి కంటే తక్కువ. ఎంత పొదుపైన బుర్ర చూడండి.

దీనికి అన్న వరస అయ్యేది బ్లూమ్ ఫిల్టర్, 1970లో బర్టన్ బ్లూమ్ చెప్పినది. 'లేదు' అంటే కచ్చితంగా లేదు, 'ఉంది' అంటే బహుశా ఉంది. ఒక శాతం పొరపాటుకు ఒప్పుకుంటే కీకి 9.6 బిట్లు, ఏడు హ్యాష్‌లు. 20 లక్షల పదాలు 2.4 ఎంబీలో పడతాయి. జాబితా మారకపోతే ఇప్పుడు దీనికంటే మెరుగైనవి ఉన్నాయి. థామస్ ముల్లర్ గ్రాఫ్, డేనియల్ లెమీర్ అనే ఇద్దరు 2022లో ప్రచురించిన బైనరీ ఫ్యూజ్ ఫిల్టర్‌లో కీకి సుమారు 9 బిట్లతో పొరపాటు 256లో ఒకటికి దిగుతుంది, చూడాల్సింది మూడు చోట్ల మాత్రమే.

మరి మీకు ఇది పనికొస్తుందా? తప్పు పదం నూటికొకటి దాటిపోతే ఫర్వాలేదు కదా అనిపిస్తుంది. కానీ మీకు సూచనలు కూడా కావాలి, అక్కడ ఈ లెక్క తిరగబడుతుంది. పది సంకేతాల తప్పు పదానికి ఒక మార్పు దూరంలో ఉన్న రూపాలన్నీ తయారు చేసి ఫిల్టర్‌ను అడుగుతారనుకోండి. 60 సంకేతాలు వాడుకలో ఉన్నాయనుకుంటే, తీసివేతలు 10, మార్పులు 600, చేర్పులు 660. దాదాపు 1,270 ప్రశ్నలు. ఒక శాతం పొరపాటంటే అందులో పన్నెండు పిచ్చి అక్షరాల గుంపులు 'ఉంది' అని తిరిగొస్తాయి. అసలు సూచన ఒకటో రెండో, చెత్త పన్నెండు. బైనరీ ఫ్యూజ్ పెట్టినా ఐదు మిగులుతాయి. 16 బిట్ల వేలిముద్ర (పదాన్ని గుర్తుపట్టడానికి దాచే చిన్న హ్యాష్) పెడితే యాభై తప్పు పదాలకు ఒక చెత్త సూచన వస్తుంది, అది నడుస్తుంది. ఒక్క ప్రశ్నకు చిన్నగా కనిపించే పొరపాటు, వెయ్యి ప్రశ్నలు వేసినప్పుడు ఎంతవుతుందో గుణించి చూసుకోవాలి. చాలా మంది ఈ గుణకారం చేయరు.

మినిమల్ పర్ఫెక్ట్ హ్యాష్ గురించి కూడా అడిగారు. ఇది రెండో వస్తువును వదులుకోవడం: కీలను దాచకుండా, 20 లక్షల పదాలకూ 0 నుంచి 19,99,999 వరకు ఒక్కోదానికి ఒక్కో అంకె, ఎక్కడా ఢీకొనకుండా ఇచ్చే ఫంక్షన్. సిద్ధాంతం ప్రకారం కీకి 1.44 బిట్లకు తగ్గదు. రెక్‌స్ప్లిట్ 1.56 దాకా వెళ్ళింది. కట్టడం తేలికగా, వేగంగా ఉండాలంటే మూడు బిట్ల చిల్లర అవుతుంది. 20 లక్షలకు ముప్పావు ఎంబీ, నమ్మశక్యం కానంత తక్కువ.

మోసం ఏమిటంటే, జాబితాలో లేని పదం ఇచ్చినా అది ఏదో ఒక అంకె ఇస్తుంది. 'నాకు తెలియదు' అనడం దానికి రాదు. ఈ ముక్క చదివి, తల ఊపి, అయినా నేను ఒకసారి వేలిముద్ర లేకుండానే పెట్టేశాను. పరీక్షలో జాబితాలోని పదాలన్నీ ఇచ్చి చూశాను, అన్నీ సరైన అంకెలే. తీరా వాడుకలో పెట్టాక ప్రతి అక్షరదోషమూ ఒప్పే అయింది. ఒక సహోద్యోగి కీబోర్డు మీద చేతికొచ్చింది కొట్టి 'ఇది చాలా ఎక్కువగా వాడే పదమట' అని చూపించి నవ్వాడు. కాబట్టి ఆ అంకె దగ్గర పదం తాలూకు 16 బిట్ల వేలిముద్ర తప్పకుండా పెట్టండి. 0.75 + 4 + పదాల అంకెలకు 2, కలిపి 6.75 ఎంబీ. వేగంలో దీన్ని కొట్టేది తక్కువ. కానీ 'పుస్త' అని కొడితే దానితో మొదలయ్యే పదాలు చూపమంటే చేతులెత్తేస్తుంది. కీలు లేవు, వరస లేదు.

సూచనలూ, మొదలు కొడితే పూర్తి చేయడమూ కావాలంటే మళ్ళీ ట్రై కుటుంబానికే రావాలి. నోడ్లకు పాయింటర్లు లేకుండా కట్టిన ట్రై కావాలి. 1989లో దీనికి రెండు దారులు పడ్డాయి. జపాన్‌లో జున్-ఇచి అఓయె డబుల్ అర్రే పద్ధతి చెప్పారు: బేస్, చెక్ అని రెండు అంకెల అర్రేలు, ఒక్కో అక్షరానికి ఒక కూడిక, ఒక పోలిక, అంతే. చాలా వేగం, కానీ నోడ్‌కు 8 బైట్లు. గై జేకబ్‌సన్ ఇంకో దారి చూపించారు, లౌడ్స్ అంటారు. ట్రైని అంతస్తుల వారీగా చదువుతూ ప్రతి నోడ్‌కు ఎంతమంది పిల్లలుంటే అన్ని ఒకట్లు, చివర ఒక సున్నా రాస్తూ పోవడం. ముగ్గురుంటే 1110, ఎవరూ లేకపోతే 0. చెట్టు ఆకారం మొత్తం నోడ్‌కు రెండు బిట్లలో వస్తుంది, అంతకంటే తగ్గించడం లెక్క ప్రకారమే కుదరదు. 50 లక్షల నోడ్లకు ఆకారం 1.25 ఎంబీ, అక్షరాలు 5 ఎంబీ, పదం ముగిసిందన్న గుర్తులు 0.6, ఇక్కడిదాకా ఎన్ని ఒకట్లు వచ్చాయో త్వరగా చెప్పే పట్టిక మరికొంత. 7 ఎంబీ పైచిలుకు. పిల్ల దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం ప్రతి అక్షరానికీ ఒకట్లు, సున్నాలు లెక్కపెట్టుకోవాలి. ఒక్కో లెక్కకు మెమరీలో ఒకటి రెండు చోట్లకు ఎగరాలి. పది అక్షరాల పదానికి అది హ్యాష్ కంటే నెమ్మదే.

ఇలా అన్నందుకు 'చిన్నదైతే నెమ్మది' అని సూత్రం కట్టుకోకండి. హ్యాష్‌మ్యాప్‌లో ఒక్క వెతుకులాటకు టేబుల్, నోడ్, స్ట్రింగ్, బైట్ల అర్రే, నాలుగు వేర్వేరు చోట్లకు వెళ్ళాలి. 240 ఎంబీ క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఇమడదు కాబట్టి ఒక్కో ఎగురుకు 100 నానోసెకన్ల వరకు పడుతుంది. 7 ఎంబీ నిర్మాణం ప్రాసెసర్ ఎల్3 క్యాష్‌లోనే కూర్చుంటే ఎగురు ఎక్కువైనా ఒక్కోటి చవక. మీ మెషీన్ మీద కొలవందే ఏదీ నమ్మకండి.

మీ పనికి నేను ఎంచుకునేది మాత్రం ఇవేవీ కాదు, డాగ్ (డైరెక్టెడ్ ఎసైక్లిక్ వర్డ్ గ్రాఫ్) అనే నిర్మాణం. కుక్క కాదులెండి. ట్రైలో పదాల ముందు భాగాలు మాత్రమే కలుస్తాయి, డాగ్‌లో చివరి భాగాలు కూడా కలుస్తాయి. మన భాషకు ఇది కుట్టించిన చొక్కా. పుస్తకం, నాటకం, శతకం చూడండి. 'క' దాటాక మూడిటికీ తర్వాతి కథ ఒకటే: కం, కాలు, కాన్ని, కానికి, కాలలో, కాలకు, కాలతో. ట్రైలో ఈ తోక ప్రతి పదానికీ విడివిడిగా ఉంటుంది. డాగ్‌లో ఒకే ఒక్క తోక, వేల పదాలు దానికే వేలాడతాయి. మీరు వ్యాకరణం ఒక్క ముక్క చెప్పకపోయినా విభక్తి ప్రత్యయాలను అదే కనిపెట్టినట్టు అవుతుంది.

ప్రత్యయాలు కోసేసి మూలపదం మాత్రమే వెతకవచ్చు కదా అంటారు. మెక్‌ఇల్‌రాయ్ ఇంగ్లీష్‌కు అలాగే చేశారు. తెలుగులో ఇల్లు 'ఇంట్లో' అవుతుంది, నెయ్యి 'నేతితో' అవుతుంది. ఆ నియమాలన్నీ రాసుకుంటూ పోతే ఏడాది పడుతుంది, ఈలోపు లేని పదాలకు కూడా పచ్చజెండా ఊపుతారు. రూపాలన్నీ జాబితాలో ఉన్న మీకు ఆ బాధ ఎందుకు?

ఇందులో ఒక వింత ఉంది, చాలామంది నమ్మరు. పదాలు చేరిస్తే డాగ్ చిన్నదవగలదు. మీ జాబితా పత్రికల వ్యాసాల నుంచి వచ్చిందన్నారు. అందులో 'నాటకాలతో' ఉండి 'శతకాలతో' ఎక్కడా తగల్లేదనుకోండి. ఆ ఒక్క రూపం లేనందుకు శతకం తోక మిగతావాటితో కలవదు, దానికి విడిగా ఇంకో తోక కట్టాలి. ఆ రూపం మీరే చేరిస్తే రెండు తోకలూ కలిసిపోతాయి. అరుదుగా వచ్చే నామవాచకాలకు విభక్తి రూపాలు పూర్తి చేసి చూడండి, జాబితా పెరుగుతుంది, ఫైల్ తగ్గుతుంది. స్పెల్ చెకర్ కూడా బాగుపడుతుంది.

కట్టడానికి పెద్ద మెమరీ అక్కర్లేదు. డాచుక్, మిహోవ్, ఇద్దరు వాట్సన్‌లు 2000లో చెప్పిన పద్ధతిలో పదాలను వరసగా ఒక్కొక్కటే ఇస్తూ పోతే, కలపగలిగిన తోకలను అప్పటికప్పుడు కలుపుతూ పోతుంది. ఒకటే షరతు: మీరు ఇచ్చే వరస, డాగ్‌లో అక్షరాలకు మీరిచ్చిన అంకెల వరస ఒకటే కావాలి. పాత యూనికోడ్ వరసలో సార్ట్ చేసిన ఫైల్‌ను ఒక్క బైట్ పట్టికలోకి మార్చి ఇస్తే 8204 దగ్గర వరస తప్పుతుంది. మార్చాకే సార్ట్ చేయండి.

దాచడానికి ఒక్కో బాణానికి (ఒక అక్షరంతో ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు వెళ్ళే దారికి) 32 బిట్లు: అక్షరానికి 7, 'ఇక్కడ పదం ముగిసింది' అనడానికి 1, 'ఈ నోడ్‌లో ఇదే చివరి బాణం' అనడానికి 1, మిగతా 23 గమ్యం. 23 బిట్లతో 83 లక్షల బాణాల వరకు చెప్పవచ్చు, మీకు అంత అవసరం రాదు. అక్షరం ఏడు బిట్లలో ఇమిడింది కాబట్టే ఇంత చక్కగా కుదిరింది. జావాలో ఇదంతా ఒకే ఒక్క ఇంట్ అర్రే. 80 లక్షల ఆబ్జెక్టుల బదులు ఒకటి.

చిక్కు ఒకటుంది. తోకలు కలిసిపోయాక పదం తాలూకు అంకెను ఎక్కడ పెట్టాలి? నాటకాలలో, పుస్తకాలలో రెండూ ఒకే చోట ముగుస్తున్నాయి. దీనికి లుకేసి, కొవాల్టోవ్‌స్కీ 1993లో చెప్పిన చిట్కా ఉంది. ప్రతి నోడ్ దగ్గర, అక్కడి నుంచి ఎన్ని పదాలకు దారి ఉందో రాసిపెట్టుకోండి. పదం వెంట నడిచేటప్పుడు, మనం వదిలేసి పక్కకు దాటిన కొమ్మల లెక్కలూ, దారిలో ముగిసిన పదాలూ కూడుతూ పోతే చివరికి ఆ పదం జాబితాలో ఎన్నోదో వస్తుంది. అదే మీ 2 ఎంబీ అర్రేలో స్థానం. ఒక రకంగా ఇది ఉచితంగా వచ్చిన పర్ఫెక్ట్ హ్యాష్, పైగా లేని పదానికి లేదని చెప్పగలదు. లూసీన్ అనే జావా సెర్చ్ లైబ్రరీలోని ఎఫ్ఎస్‌టీ ఇదే పనిని బాణాల మీదే విలువలు పెట్టి చేస్తుంది. సొంతంగా రాయడం ఇష్టం లేకపోతే సర్వర్ మీద అది వాడుకోండి, ఏ తప్పూ లేదు.

సూచనలకు 1,270 రూపాలు తయారు చేసే అవసరం కూడా పోతుంది. డాగ్‌లో నడుస్తూనే ఎడిట్ దూరం (ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి ఎన్ని అక్షర మార్పులు కావాలో) పట్టికలో ఒక్కో వరస నింపుకుంటూ, వరసలోని కనిష్ఠం మీ హద్దు దాటగానే ఆ కొమ్మ వదిలేయండి. దారిలో దొరికేవన్నీ నిజమైన పదాలే, చెత్త రాదు. ఇక్కడ మన తప్పుల తీరు కూడా వాడుకోవచ్చు: ల బదులు ళ, న బదులు ణ, శ ష సలు, ఒత్తు అక్షరాలు, హ్రస్వదీర్ఘాలు. వీటి మార్పుకు సగం ఖరీదే వేయండి, 'కళ్యానం' అని కొట్టినవాడికి 'కళ్యాణం' మొదటి వరసలోనే వస్తుంది.

మీ కీలు అంకెలైతే ఇదంతా వేరే కథ. ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్న ఫోన్ నంబర్ల జాబితా గురించి. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9తో మొదలవుతాయి. 600 కోట్లు తీసేస్తే మిగిలేది 400 కోట్ల లోపు, అది 32 బిట్లలో పడుతుంది. 64 బిట్ల లాంగ్ వాడే చోట 32 బిట్ల ఇంట్ సరిపోతుంది, సగం అక్కడే ఆదా. కోటి నంబర్లను వరసలో పెట్టి ఇలియాస్-ఫానో పద్ధతిలో (ఒక్కో అంకె పై బిట్లనూ కింది బిట్లనూ విడదీసి) దాస్తే ఒక్కోదానికి దాదాపు 11 బిట్లు, మొత్తం 14 ఎంబీ లోపు. పిన్ కోడ్‌లకైతే ఏ పద్ధతీ వద్దు: ఆరంకెలు, పది లక్షల బిట్ల బిట్‌మ్యాప్, 125 కేబీ.

వాడేవాళ్ళు సొంత పదాలు చేర్చుకోవడం గురించి: డాగ్‌ను ముట్టుకోవద్దు. పక్కన మామూలు హ్యాష్‌సెట్ ఒకటి పెట్టండి, ముందు అందులో చూసి తర్వాత డాగ్‌లో చూడండి. వద్దనుకున్న పదాలకు ఇంకో చిన్న సెట్. ఆ సెట్‌లు పెద్దవైనప్పుడు రాత్రిపూట అన్నీ కలిపి కొత్త ఫైల్ కట్టి, పాతదాని స్థానంలో పెట్టండి.

ఫైల్‌ను మొత్తంగా మెమరీలోకి చదవకుండా మ్యాప్ చేయండి, అంటే కావలసిన ముక్కలను మాత్రం అవసరమైనప్పుడు తెచ్చే పని సిస్టమ్‌కే వదిలేయండి. ఫోన్‌లో వాడిన పేజీలే వస్తాయి, మెమరీ ఇరుకైతే సిస్టమ్ వాటిని నిశ్శబ్దంగా వదిలేస్తుంది. ఫైల్ మొదట్లో ఒక హెడర్ పెట్టి అందులో వెర్షన్, అక్షరాల పట్టిక, పదాల సంఖ్య, బైట్ల వరస రాయండి. జావా బైట్‌బఫర్ చెప్పకపోతే పెద్ద బైట్‌ను ముందు రాస్తుంది, ఫోన్‌లోని సీ ప్లస్ ప్లస్ కోడ్ చిన్న బైట్ ముందుందనుకుని చదువుతుంది. సర్వర్ మీద అన్నీ దొరికి, ఫోన్‌లో 'అమ్మ' కూడా దొరకలేదంటే ముందు అక్కడ చూడండి.